నాగలి తాకని నేల

ఆదివారం పొద్దున్నే మా అమ్మాయి నన్ను సెయింట్ ఆండ్రూస్‌కి బయల్దేరదీసింది. వాళ్ళుండేది డండీలో. టే నది మీద పొడుగాటి వంతెన దాటి, గొర్రెలు మేసే పచ్చికలూ బార్లీ చేలూ చూసుకుంటూ బస్సులో వెళ్తే గంటలోపే ఆ ఊరొచ్చేస్తుంది. "గోల్ఫ్ పుట్టిల్లు చూద్దువుగాని రా అమ్మా" అంది. నేను ఆ ఆట ఆడినదాన్ని కాదు. గోల్ఫ్ అనగానే నా కళ్ళముందు మెదిలేది నిలువెత్తు ప్రహరీ, గేటు దగ్గర కాపలా మనిషి, సభ్యులకు మాత్రమే అన్న బోర్డు. మన నగరాల్లో అలాంటి గోడల పక్కనుంచి ఎన్నోసార్లు ఆటోలో వెళ్ళాను. లోపలేముందో ఏనాడూ కనిపించలేదు.

ఇక్కడ గోడే లేదు. ఊరి వీధి చివర రాతి మేడలు ఆగిపోతాయి, ఆ వెంటనే గడ్డి మొదలవుతుంది. ఆ గడ్డే ఓల్డ్ కోర్సు. మొదటి హోలుకీ పద్ధెనిమిదో హోలుకీ అడ్డంగా గ్రానీ క్లార్క్స్ వైండ్ అనే బాట సముద్రం వైపు పోతుంది. ఆట జరిగే రోజున కూడా అది అందరి దారే. మేం వెళ్ళేసరికి ఆ పచ్చిక మీద తోపుడుబండిలో పసిపిల్లను పెట్టుకుని ఒకామె నడుస్తోంది. రెండు కుక్కలు ఒకదాన్నొకటి తరుముకుంటున్నాయి. విశ్వవిద్యాలయం పిల్లలు కాళ్ళు చాపుకుని కూర్చుని రొట్టెలు తింటున్నారు. ప్రపంచంలోని ఆటగాళ్ళంతా ఒక్కసారైనా కాలు పెట్టాలని తపించే నేల మీద!

"ఇలా నడవొచ్చా?" అని అడిగాను.

"ఇవాళ ఆదివారం కదమ్మా, ఆట ఉండదు. ఊరివాళ్ళు షికారుకొస్తారు" అంది మా అమ్మాయి. పెద్ద పోటీలున్నప్పుడు తప్పితే ఏడాది పొడుగునా ఇదే కట్టుబాటట.

నా మనవడు అప్పటికే పరుగెత్తి స్విల్కెన్ వాగు మీది చిన్న రాతి వంతెనెక్కి చేతులూపుతున్నాడు. ఆ వంతెన ఎంత చిన్నదంటే మన పొలాల్లో బోదె కాలువ మీద వేసుకునే బండరాయి గుర్తొచ్చింది. మొదట్లో గొర్రెల్ని దాటించడానికే కట్టారని చెబుతారు.

లింక్స్ అనే మాట గురించి నాకు ఆ రోజే తెలిసింది. ఆ పేరు గోల్ఫ్‌ది కాదు, నేలది. మిట్ట, గట్టు అనే అర్థమున్న పాత ఇంగ్లీషు మాటనుంచి వచ్చింది. సముద్రానికీ సాగుభూమికీ మధ్య మిగిలిపోయే ఎగుడుదిగుడు ఇసుక పట్టీని స్కాట్లాండ్‌లో లింక్స్ అంటారు. అక్కడ నాగలి పెడితే ఇసుక లేస్తుంది. చెట్టు నాటితే ఉప్పుగాలికి మాడిపోతుంది. మన రెవెన్యూ భాషలో చెప్పాలంటే పోరంబోకు. పైరుకు పనికిరాదని వదిలేశారు కాబట్టే ఊరందరికీ మిగిలింది. అందరికీ మిగిలింది కాబట్టే అక్కడొక ఆట పుట్టింది. అక్కడ తిరిగిన మూడు నెలలూ నా మనసులో మెదులుతూ ఉన్నది ఈ ఒక్క ఊహే.

నేను ముప్పయ్యేళ్ళు డిగ్రీ పిల్లలకి వృక్షశాస్త్రం చెప్పాను. ఎడారి మొక్కల పాఠం రాగానే ప్రయోగశాలలో ఒక స్లైడు చూపించేదాన్ని. అది ఆమోఫిలా ఆకు అడ్డుకోత. మైక్రోస్కోపులో చుట్టుకుపోయిన చాపలా ఉంటుంది. పత్రరంధ్రాలన్నీ ఆ చుట్ట లోపలికి దాగి ఉంటాయి, గాలి తగిలి తేమ ఆరిపోకుండా. ముప్పై ఏళ్ళూ ఆ గాజుపలక మీది ఎర్రరంగు ముక్కనే చూశాను గానీ మొక్కను చూడలేదు. ఓల్డ్ కోర్సు దాటి వెస్ట్ శాండ్స్ బీచి వైపు దిబ్బలెక్కినప్పుడు మోకాలెత్తున బూడిదపచ్చ గడ్డి గాలికి అలల్లా వంగుతూ కనిపించింది. అక్కడివాళ్ళు దాన్ని మారమ్ అంటారు. ఒక ఆకును వేళ్ళమధ్య తడిమి చూశాను. చుట్ట. లోపల గాడులు. అదే ఆమోఫిలా! నా చేయి కాసేపు ఆ గడ్డిని వదలలేదు.

ఈ గడ్డి స్వభావం చిత్రమైనది. ఇసుక మీద పడి పూడ్చేస్తుంటేనే బాగా పెరుగుతుంది. పూడిన కొద్దీ కొత్త కణుపులు వేసి పైకొస్తుంది. వేళ్ళతో ఇసుకను పట్టి దిబ్బను నిలబెడుతుంది. దిబ్బ స్థిరపడి కొత్త ఇసుక రావడం ఆగిపోతే మారమ్ నీరసించి, తన చోటును సన్నని ఫెస్క్యూ గడ్డికి వదిలేస్తుంది. ఆ ఫెస్క్యూని కుందేళ్ళూ గొర్రెలూ కొరికి కొరికి చాపలా దట్టంగా చేస్తాయి. కింద ఇసుక కావడంతో ఎంత వాన కురిసినా నీరు నిలవదు, నేల ఎప్పుడూ గట్టిగా ఉంటుంది. బంతి పడితే అతుక్కుపోదు, దొర్లుతుంది. మంచుయుగం ముగిశాక మంచు బరువు దిగిపోయి భూమి మెల్లగా పైకి లేవడం, సముద్రం వెనక్కి తగ్గడం, ఆరిన ఇసుకను గాలి దిబ్బలుగా పోయడం, ఆపైన మారమ్, దాని తర్వాత ఫెస్క్యూ, కుందేలు, గొర్రె, చివరగా కర్ర పట్టుకున్న పశువుల కాపరి. వేల ఏళ్ళ పని అది. అందులో మనిషి చేసింది చివరి ముక్క మాత్రమే.

బంకర్లనే ఇసుక గుంటలకు కూడా ఇలాంటి పుట్టుకే చెబుతారు. ఈదురుగాలికి తట్టుకోలేక గొర్రెలు పల్లంలో ఒకదానికొకటి ఒరుసుకుని పడుకునేవట. గడ్డి అరిగి ఇసుక తేలేది. ఓల్డ్ కోర్సులో ఇప్పుడు అలాంటి గుంటలు 112 ఉన్నాయి. పద్నాలుగో హోలు దారిలో ఉన్నదాని పేరు హెల్ బంకర్, అంటే నరకం. దిగి చూశాను. గోడ నా తలకన్నా ఎత్తు, మట్టిగడ్డల్ని ఇటుకల్లా పేర్చి కట్టినది. లోపల నిలబడితే గాలి చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. గొర్రెలు ఎందుకు వచ్చి పడుకున్నాయో ఏ పుస్తకం చెప్పక్కర్లేదు.

ఓల్డ్ కోర్సును ఎవరూ కాగితం మీద గీసి కట్టలేదు. ఊరినుంచి సముద్రం వెంబడి సన్నగా సాగిన పట్టీలో అలా చివరిదాకా వెళ్ళడం, వెనక్కి తిరిగి రావడం, అంతే. చోటు చాలక పోయేవాళ్ళూ వచ్చేవాళ్ళూ ఒకే గ్రీన్, అంటే బంతిని గుంటలోకి దొర్లించే నున్నటి పచ్చిక, పంచుకునేవారు. అలా జంటగా మిగిలినవి ఏడు గ్రీన్లు. రెండోదానికి పదహారు, మూడోదానికి పదిహేను, ఆ వరసలో జంట అంకెలు కూడితే ప్రతిసారీ పద్ధెనిమిదే వస్తుంది. ఇది కనిపెట్టి చెప్పినప్పుడు మా మనవడు ఎక్కాలు వల్లించినట్టు ఏడు జతలూ అప్పగించాడు. మొదట్లో ఇక్కడ ఒక ఆట అంటే 22 హోళ్ళు. 1764లో మొదటి నాలుగింటినీ రెండుగా కలిపేశారు. పోతూ వస్తూ లెక్కేస్తే పద్ధెనిమిది తేలింది. ఇవాళ లోకమంతా పద్ధెనిమిది హోళ్ళు ఆడడానికి కారణం ఆ ఊరి పెద్దలు చేసిన ఆ చిన్న సర్దుబాటే.

హక్కు పత్రం కథ ఇంకా గొప్పది. 1552లో ఆర్చిబిషప్ జాన్ హామిల్టన్ ఒక పత్రం మీద ముద్ర వేశాడు. లింక్స్ మీద కుందేళ్ళు పెంచుకునే హక్కు ఆయనది. అక్కడ గోల్ఫూ ఫుట్‌బాలూ తక్కిన ఆటలూ ఆడుకునే హక్కు ఊరి జనానిది. ఆ తర్వాత రెండున్నర శతాబ్దాలకి, 1797లో, ఊరి పాలకవర్గం అప్పుల్లో కూరుకుపోయి ఆ నేలను అమ్మేసింది. కొద్దికాలానికే అది కుందేళ్ళ వ్యాపారుల చేతుల్లో పడింది. వేలకొద్దీ కుందేళ్ళు నేలంతా బొరియలు తవ్వేశాయి. జనం తిరగబడ్డారు. వ్యాజ్యం ఎడింబరో కోర్టునుంచి లండన్‌లో ప్రభువుల సభ దాకా వెళ్ళింది. కుందేళ్ళను చంపే జనమూ, కాపాడే వ్యాపారులూ దిబ్బల మీద తలపడ్డారు. 1821లో జేమ్స్ చీప్ అనే స్థానిక భూస్వామి ఆ నేలను కొని ఆటకు వదిలేశాక గొడవ సద్దుమణిగింది. 1894లో పార్లమెంటు చట్టంతో అది మళ్ళీ ఊరి పాలకవర్గం చేతికొచ్చింది. 1974 నుంచి ఒక ట్రస్టు చూస్తోంది. ఈ రోజుకీ అది ప్రజల నేలే. ఏ క్లబ్బుదీ కాదు.

గుమ్మడికాయంత విశేషాన్ని వదిలి ఆవగింజంత దానికి మురిసిపోవడం నా అలవాటు. ఈ చరిత్ర అంతటిలో నా మనసుకు హత్తుకున్నది ఒక చాకిరేవు నిబంధన. పంతొమ్మిదో శతాబ్దంలో ఆడవాళ్ళు స్విల్కెన్ వాగులో బట్టలుతికి లింక్స్ మీద ఆరేసుకునేవారు. బంతి వెళ్ళి ఆరేసిన దుప్పటి మీద పడితే ఏం చేయాలి? ఆటగాళ్ళు తమ నిబంధనల్లో రాసుకున్నారు: బంతి కిందనుంచి బట్టను మెల్లగా లాగెయ్యవచ్చు, తొట్టి అడ్డొస్తే పక్కకు జరపవచ్చు. బట్టలిక్కడ ఆరెయ్యకూడదు అని రాసుకోలేదు. కృష్ణ ఇసుకలో రేవంతా తెల్లగా పరుచుకున్న దుప్పట్లూ చీరలూ చూస్తూ పెరిగినదాన్ని. ఈ నియమం రాసినవాళ్ళు నాకు ఎంతో దగ్గరివాళ్ళనిపించారు.

పద్ధెనిమిదో హోలు పక్కన వీధిలో ఒక చిన్న దుకాణం ఉంది. ఓల్డ్ టామ్ మోరిస్ దుకాణం. అతను 1821లో ఈ ఊళ్ళోనే పుట్టాడు, కుందేళ్ళ తగవు తీరిన ఏడాదే. యువకుడిగా బంతులు కుట్టే పని. అప్పటి బంతి తోలుసంచిలో ఉడకబెట్టిన బాతు ఈకలు కూరినది. టోపీ నిండా ఈకలు పడతాయి ఒక్క బంతికి. రోజంతా కష్టపడితే మూడు నాలుగుకి మించి కావు. కూలివాడు కొనగలిగేది కాదు. తర్వాత గట్టాపర్చా అనే తూర్పుదేశపు చెట్టుపాలతో బంతులు వచ్చాయి. ఆ బంతి పుట్టుక గురించి ఆ ఊళ్ళో చెప్పుకునే కథ విని నేను నిలబడిపోయాను. 1843లో సింగపూర్ నుంచి ఒక విష్ణుమూర్తి విగ్రహం ఓడలో వచ్చిందట. పగలకుండా చుట్టూ గట్టాపర్చా ముక్కలు కుక్కి పంపారట. పాటర్సన్ అనే దైవశాస్త్ర విద్యార్థి ఆ ముక్కల్ని వేడినీళ్ళలో మెత్తబరిచి బంతిగా చుట్టాడట. ఈకల బంతి కుట్టే యజమానికీ కొత్త బంతికి మొగ్గిన టామ్‌కీ మాట తేడా వచ్చింది. 1851లో టామ్ పడమటి తీరాన ప్రెస్ట్‌విక్‌కి వెళ్ళిపోయాడు, నేలను సంరక్షించే కొలువుకి.

అక్కడే ఒకనాడు తోపుడుబండి తిరగబడి గ్రీన్ మీద ఇసుక ఒలికిందట. ఇసుక పడినచోట గడ్డి మరింత నిగనిగలాడింది. ఆనాటినుంచి టామ్ తన పనివాడితో ఎప్పుడూ అనే మాట, "ఇంకా ఇసుక" అని. వృక్షశాస్త్రం చదివినదాన్ని కాబట్టి నాకు ఆశ్చర్యం అనిపించలేదు, ఆనందం కలిగింది. దిబ్బ మీద మారమ్ నేర్పిన పాఠాన్నే ఆ మనిషి తన కళ్ళతో చదువుకున్నాడు. గ్రీన్ల మీద పల్చగా ఇసుక చల్లడం ఇవాళ ప్రతి మైదానంలోనూ మామూలు పని.

1864లో సెయింట్ ఆండ్రూస్ అతన్ని తిరిగి పిలిచింది. ఆదివారం విరామం మీద అతనికి గట్టి పట్టు. ఆడతామని వచ్చిన వాళ్ళతో, మీకు విశ్రాంతి అక్కర్లేకపోయినా నేలకు కావాలి అనేవాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ మాట వినగానే నాకు ఏరువాక రోజులు గుర్తొచ్చాయి, పసుపు కుంకుమ పెట్టి నేలను పలకరించే మా నాన్న గుర్తొచ్చాడు.

ఓల్డ్ టామ్ కొడుకూ టామే. యంగ్ టామ్ అంటారు. 1868, 69, 70, వరసగా మూడేళ్ళు ఓపెన్ అనే పెద్ద పోటీ గెలిచి, ఎర్ర తోలుతో చేసిన బహుమతి బెల్టును సొంతం చేసుకున్నాడు. ఇవ్వడానికి బెల్టు లేక 1871లో పోటీయే జరగలేదు. 1872లో మళ్ళీ అతనే. 1875 సెప్టెంబరులో తండ్రీ కొడుకులు కలిసి నార్త్ బెర్విక్‌లో ఆడుతుండగా తంతి వచ్చింది, భార్యకు కాన్పు కష్టమైందని. ఆట ముగిస్తూనే ఎవరో ఇచ్చిన పడవలో ఫర్త్ ఆఫ్ ఫోర్త్ కడలిపాయ దాటి వెళ్ళారు. చేరేసరికి తల్లీ లేదు, బిడ్డా లేడు. ఆ ఏడాది క్రిస్మస్ రోజున యంగ్ టామ్ కూడా పోయాడు. ఇరవై నాలుగేళ్ళు. తండ్రి మరో ముప్పైరెండేళ్ళు బతికాడు. సముద్రస్నానం, ఇసుక, గడ్డి, 1903 దాకా కొలువు.

పాత కెథీడ్రల్ శిథిలాల మధ్య శ్మశానంలో యంగ్ టామ్ సమాధి ఉంది, బంతి కొట్టబోతున్న భంగిమలో శిల్పం. తండ్రి పడుకున్నదీ అక్కడే. మా అమ్మాయి పక్కనే నిలబడి ఉంది. డండీ ఆసుపత్రిలో తను కన్నప్పుడు నేను బాపట్లలో ఫోను పట్టుకుని కూర్చున్న రాత్రి మా ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చి ఉంటుంది. తను నా చేయి పట్టుకుంది. ఏమీ మాట్లాడుకోలేదు.

ప్రెస్ట్‌విక్‌కి గ్లాస్గో నుంచి రైల్లో వెళ్ళాం. స్టేషను దిగితే మైదానమే. మొదటి హోలు రైలు పట్టాల గోడ పక్కనే సాగుతుంది. 1860 అక్టోబరు 17న మొట్టమొదటి ఓపెన్ ఇక్కడే జరిగింది. ఎనిమిదిమంది ఆడారు. అప్పటికి ఉన్నవి పన్నెండు హోళ్ళే, వాటినే ఒక్కరోజులో మూడుసార్లు చుట్టారు. విల్లీ పార్క్ 174 దెబ్బలతో గెలిచాడు, ఓల్డ్ టామ్ రెండు దెబ్బలు వెనక. ఇప్పటికీ ఇక్కడ ఐదో హోలు పేరు హిమాలయాలు. పెద్ద ఇసుకదిబ్బ అడ్డం ఉంటుంది, గ్రీన్ కనబడదు. కొండ మీదుగా గుడ్డిగా కొట్టాలి. అవతలికి వెళ్ళి ఆడేసినవాళ్ళు గంట మోగిస్తే వెనకవాళ్ళు కొడతారు. ఆ గంట వింటుంటే గుళ్ళో ఉన్నట్టనిపించింది. ఈ గడ్డ మీది కుర్రాళ్ళు ఎంతమందో కంపెనీ కొలువుల్లో మన దేశానికి వచ్చారు. ఇంటికి తిరిగొచ్చినవాళ్ళ మాటల్లోంచే ఈ ఇసుకగుట్టకు హిమాలయం పేరు అంటుకుని ఉంటుందని నా ఊహ.

గుడ్డి దెబ్బ అన్యాయమని ఈ కాలపు ఆటగాళ్ళు కొందరంటారు. మంచి దెబ్బ కొడితే మంచి ఫలితం రావాలి కదా అని వాళ్ళ వాదన. చదును చేసి, నీళ్ళు పెట్టి, ఎక్కడ పడిన బంతి అక్కడే ఆగేట్టు కట్టిన మైదానాల్లో ఆ న్యాయం దొరుకుతుంది. లింక్స్ మీద దొరకదు. సరిగ్గా కొట్టిన బంతి కూడా ఎప్పటిదో కుందేలు బొరియ పూడిన గుంటలో తగిలి పక్కకు పోతుంది. పొద్దున తోడొచ్చిన గాలి మధ్యాహ్నం ఎదురు తిరుగుతుంది. వాన ముఖం చూసి నారు పోసే రైతు ఇంట పుట్టాను. పడ్డ కష్టానికి సరిపడా ఫలం రావాలని కోరుకోవడం వేరు, వస్తుందనుకోవడం వేరు. ఆ రెండింటి మధ్య తేడా తెలిసినవాళ్ళు ఆడే ఆట ఇది అనిపిస్తుంది నాకు. అందుకే నాకు దాని మీద గౌరవం.

నార్త్ బెర్విక్‌లో ఇంకా చిత్రం. పదమూడో హోలు దగ్గర గ్రీన్‌కి ముందు పాత రాతిగోడ అడ్డంగా ఉంది. పొలాల సరిహద్దు గోడ. ఎవరూ పడగొట్టలేదు, దాని మీదుగా కొట్టడమే ఆటలో భాగం. పదిహేనో హోలు పేరు రెడాన్. క్రిమియా యుద్ధంనుంచి తిరిగొచ్చిన సైనికాధికారికి ఆ దిబ్బ వాలు అక్కడ చూసిన కోట బురుజులా కనిపించిందట. ఆ ఒక్క వాలును నకలు చేసి ప్రపంచమంతటా హోళ్ళు కట్టారు. అసలుది మాత్రం గాలి మలిచినది. గుట్టల నిండా గోర్స్ పొదలు పసుపుపచ్చగా విరగబూసి ఉన్నాయి. దగ్గరికి వెళ్తే కొబ్బరి వాసన! ముళ్ళపొదలో కోనసీమ.

ఉత్తరాదికి వెళ్ళడానికి రెండు రోజులు కేటాయించుకున్నాం. డోర్నోక్ చిన్న ఊరు. కెథీడ్రల్, రాతి ఇళ్ళు, వీధి చివర లింక్స్. జూన్‌లో రాత్రి పదింటికీ వెలుతురు పోదు. భోజనాలయ్యాక వచ్చి ఆడుతున్నవాళ్ళను చూశాం, తండ్రీ కూతుళ్ళు, ఇద్దరు ముసలివాళ్ళు. ఇక్కడ 1616 నాటికే గోల్ఫ్ ఉన్నట్టు లెక్కల్లో ఉంది. 1872లో ఈ ఊళ్ళో పుట్టిన డొనాల్డ్ రాస్ వడ్రంగం నేర్చి, ఓల్డ్ టామ్ దగ్గర పని చేసి, 1899లో అమెరికా వెళ్ళాడు. అక్కడ పైన్‌హర్స్ట్‌తో సహా వందలాది మైదానాలు తీర్చాడు. బోర్లించిన మూకుడులాంటి అతని గ్రీన్లను ఇప్పటికీ మెచ్చుకుంటారు. వాటి అసలు మూస డోర్నోక్ దిబ్బల మీద నాకు కనిపించింది. వలస వెళ్ళినవాడు ఊరి మట్టిని మూటగట్టుకుపోలేడు, ఆకారాన్ని గుర్తుపెట్టుకుంటాడు. అమెరికాలో ఉన్న మా తమ్ముడు డాలస్‌లో పెరట్లో కట్టించుకున్న తులసికోట మా అమ్మ కట్టించినదానికి అచ్చు నకలు.

ఇంకా పైకి వెళ్తే బ్రోరా. అక్కడ ఆవులూ గొర్రెలూ మైదానంలోనే మేస్తూ కనిపించాయి. గ్రీన్ల చుట్టూ మాత్రం సన్నని కరెంటు తీగ. ఒక ఆవు మా వైపు చూసి, తల తిప్పుకుని, మేతలో పడింది. ఆ మైదానం నాకు అన్నిటికన్నా నచ్చింది. ఎవరు ఎక్కడ ఎలా ఆడారో నాకు పట్టదు గనుక ఇలా చెప్పగలుగుతున్నాను. పశువుకూ మనిషికీ ఒకే నేల సరిపోతున్న చోటు అది.

సౌత్ ఉయిస్ట్ ద్వీపంలోని ఆస్కర్నిష్‌కి వెళ్ళలేకపోయాను. 1891లో ఓల్డ్ టామ్ అక్కడ గుర్తులు పెట్టాడు. కాలక్రమంలో అవి ఇసుకలో కలిసిపోయాయి. 2005లో వెతికి పోల్చుకుని, 2008లో మళ్ళీ తెరిచారు. ఎరువూ పురుగుమందూ వెయ్యరు. చలికాలమంతా పశువులు మేస్తాయి. తెరిచేముందు అక్కడి చిన్నరైతులు కొందరు మా మేతహక్కు ఏమైపోతుందని అడ్డుపడ్డారు. పేపర్లో ఆ సంగతి చదివినప్పుడు నా మనసు ఆటవైపు కాక రైతులవైపే మొగ్గింది. ఉమ్మడి నేల అంటే అందరూ ఏకమై నవ్వుతూ ఉండే చోటు కాదు. రోజూ తగవు పడి, రోజూ సర్దుకోవలసిన చోటు.

నేల అందరిదే అయినా ఆట అందరిదీ కాలేదన్న సంగతి చెప్పకుండా దాటిపోలేను. ఓల్డ్ కోర్సు పక్కన నిలబడిన రాతి మేడ క్లబ్బు, లోకంలో చాలాభాగానికి నిబంధనలు రాసిన క్లబ్బు, ఆడవాళ్ళను సభ్యులుగా తీసుకోవడానికి 2014 సెప్టెంబరు దాకా ఆగింది. మ్యూర్‌ఫీల్డ్ క్లబ్బు 2016లో కాదని, ఓపెన్ చేజారిపోయాక, 2017లో అవునంది. ఆ మేడ ముందు నిలబడి నేను లోపలికి తొంగిచూడలేదు. 1867లోనే సెయింట్ ఆండ్రూస్ ఆడవాళ్ళు తమకంటూ ఒక క్లబ్బు పెట్టుకున్నారు. బలంగా కొట్టడం ఆడవాళ్ళకు తగదన్న కాలం కాబట్టి వాళ్ళకు మిగిలింది బంతిని దొర్లించే ఆటే. చోటు దిబ్బలమధ్య ఎగుడుదిగుళ్ళలో. దాని పేరు కూడా హిమాలయాలే. ఇప్పుడు అక్కడ ఎవరైనా కొద్ది డబ్బులిచ్చి ఆడొచ్చు. నేనూ మా మనవడూ ఆడాం. చీర కుచ్చిళ్ళు ఎత్తి కట్టుకుని, స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుని, నా జీవితంలో మొదటిసారి గోల్ఫ్ కర్ర పట్టాను. బంతి ఒక మెట్టు ఎక్కి, ఆగినట్టే ఆగి, పక్కకు ఒరిగి, వంక తిరిగి, వాడి బంతి పక్కన చేరింది. "అమ్మమ్మా, నువ్వు కొట్టావా, నేల కొట్టిందా!" అన్నాడు వాడు.

ఈ దిబ్బలకూ ఆపదలున్నాయి. మాంట్రోజ్‌లో సముద్రం ఏటా లింక్స్‌ను కొరుక్కుతింటోంది. వెస్ట్ శాండ్స్‌లో తాళ్ళు కట్టి, మనుషుల్ని ఆపి, మారమ్‌ను చేత్తో తిరిగి నాటుతున్నారు. డోర్నోక్ పక్కనే కౌల్ లింక్స్ అనే ముట్టని దిబ్బల మీద కొత్త మైదానం కడతామని వస్తే 2020లో స్కాట్లాండ్ మంత్రులు తిరస్కరించారు, ఆ తర్వాతా ప్రతిపాదనలు ఆగలేదు. పాత లింక్స్ దిబ్బను వాడుకుంది. కొత్త మైదానం దిబ్బను కదిలిస్తుంది. చూడ్డానికి రెండూ పచ్చగానే ఉంటాయి.

మా బాపట్ల దగ్గర సూర్యలంక దారిలోనూ దిబ్బలుండేవి. ఇప్పుడూ ఉన్నాయి, అక్కడక్కడా. వేరుశనగ, సరుగుడు, జీడిమామిడి, ఆపైన ఎందుకూ పనికిరాదన్న వట్టి ఇసుక. ఆ ఇసుకలో నాలుగడుగులు తవ్వితే దొరువు. ఉప్పునీటి మీద తేలి నిలిచిన వాన నీళ్ళు, తియ్యగా ఉండేవి. దిబ్బ ఉంటేనే దొరువు. 2004లో సునామీ వచ్చినప్పుడు దిబ్బ అడ్డున్న చోట ఉరవడి తగ్గిందని మత్స్యకారులు నాతో అన్నారు. దిబ్బలు కాపాడవలసినవని కోస్తా చట్టంలో ఉంది. అయినా ట్రాక్టర్లు ఇసుక తోలుకుపోయిన చోట్లు నాకు తెలుసు. నా పిల్లలకి మొక్కలు చూపించిన ఒక దిబ్బ మీద ఇప్పుడు విడిది గదులున్నాయి. ఆనాడు నేను విద్యార్థుల్ని తీసుకెళ్ళి పేర్లు రాయించానే గానీ, ఈ దిబ్బను ఉండనివ్వండని ఒక్క అర్జీ అయినా పెట్టలేదు. సెయింట్ ఆండ్రూస్ జనం కుందేళ్ళ మీద ప్రభువుల సభ దాకా వెళ్ళారని విన్నప్పుడు ఆ సంగతి గుచ్చుకుంది. తిరిగొచ్చాక మొదటి అర్జీ రాశాను.

మొన్న డిసెంబరులో పిల్లలు వచ్చారు. మనవణ్ణి తీసుకుని తీరం వెంబడి జనం తిరగని చోటుకు నడిచాం. బాలబంద తీగ ఊదారంగు పూలతో ఇసుక మీద అల్లుకుని ఉంది. దాని వెనక రావణాసురుడి మీసాలు. మన దిబ్బల్ని పట్టి ఉంచేది ఆ గడ్డే, మారమ్‌కి ఈ తీరంలో తోబుట్టువు. ఎండిన గింజల గుత్తులు ముళ్ళబంతుల్లా విడిపోయి గాలికి దొర్లుతున్నాయి. తేలిగ్గా, అరికాళ్ళ మీద పరుగెత్తినట్టు, ఇసుకను తాకీ తాకకుండా. నా చిన్నప్పుడు వాటి వెంట పరుగెత్తడమే మా ఆట. ఎవరి బంతి ముందు ఆగితే వాళ్ళు ఓడినట్టు.

వాడికి చెప్పాను. రెండు ముళ్ళబంతులు పట్టి తెచ్చాడు, ఒకటి నాకు, ఒకటి తనకు. వదిలేశాం. వాడు కేకలేస్తూ వెంటబడ్డాడు. వాడిది ఎండ్రకాయ బొరియ అంచున తగిలి పక్కకు తిరిగింది. నాది ఒక మెట్టెక్కి, ఆగినట్టే ఆగి, మళ్ళీ కదిలి, ఎవరో ఎప్పుడో తవ్వి వదిలేసిన దొరువు పల్లంలోకి దిగిపోయింది. అక్కడ గాలి లేదు. వాడు మోకాళ్ళ మీద కూర్చుని చూస్తున్నాడు.

"తియ్యనా అమ్మమ్మా?"

"వద్దు నాన్నా, ఉండనీ. తడి ఉంది, అక్కడ మొలుస్తుంది."